విద్యుత్ కారు - వంతు ధర్మము

మానవుని చేతికి వచ్చిన ప్రతి కొత్త సాధనమును అతని ధర్మబుద్ధికి ఒక కొత్త పరీక్షను తెచ్చిపెట్టుచునే యున్నది. రైలుబండి వచ్చిననాడు, అంతకుముందు ఒకరి ప్రక్క నొకరు కూర్చుండ నొల్లనివారు ఒకే బల్లపై కూర్చుండవలసి వచ్చినది. వీధికుళాయి వచ్చిననాడు బిందెల వరుసయు, ఆ వరుసలో తగవును వచ్చినవి. నేడు విద్యుచ్ఛక్తితో నడచు కారు మన ముంగిటికి వచ్చినది. దాని వెల యెంత, దాని వలన మిగులు సొమ్మెంత, అది యెంత దూరము పోగలదు అను చర్చలు ఇంటింట జరుగుచున్నవి. ఆ చర్చలలో అంతగా వినబడని ఒక ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిమి. దూరప్రయాణమున దారిలోని చార్జింగు కేంద్రము వద్ద మన కారును నిలిపినప్పుడు, మన వెనుక వేచియున్న అపరిచితునికి మనము ఏమి ఋణపడియున్నాము? ప్రశ్న చిన్నదిగా తోచును. విచారించినకొలది అది చిన్నది కాదని తేలును.

ఈ ప్రశ్న నడుగుటకు మన హొసూరు, కృష్ణగిరి ప్రాంతములకంటె తగిన చోటు అరుదు. 2001లో బెంగుళూరున వెలువడిన రేవా అను చిన్న విద్యుత్ కారు హొసూరు రోడ్డుమీది బొమ్మసంద్రలోనే తయారైనది. ఒకమారు చార్జి చేసినచో అది పోగలిగినది సుమారు 80 కిలోమీటర్లు. అనగా హొసూరునుండి బెంగుళూరికి పోయి తిరిగి వచ్చుటకు బొటాబొటిగా చాలునంత. హొసూరులోని టి.వి.ఎస్. సంస్థ 2020లో విద్యుత్ స్కూటరును విడుదల చేసినది. 2021లో ఏథర్ సంస్థ హొసూరునందును, ఓలా సంస్థ కృష్ణగిరి జిల్లా పోచంపల్లియందును విద్యుత్ స్కూటర్ల కర్మాగారములను నెలకొల్పినవి. ఇక రహదారుల మాట. శ్రీనగరునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, బెంగుళూరునుండి చెన్నపట్టణమునకు పోవు 48వ నంబరు రహదారియు హొసూరు మీదుగా కలిసి వచ్చి కృష్ణగిరిలో విడిపోవును. కుప్పము, మదనపల్లె, అనంతపురముల దిక్కునకు పోవు 42వ నంబరు రహదారి కొస కృష్ణగిరిలోనే యున్నది. నాలుగు దిక్కుల బాటసారులును ఒకరి కొకరు ఎదురుపడు కూడలి యిది.

మన కుటుంబములకు దూరప్రయాణము విలాసము కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును హొసూరు సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. ఎల్లగీత గీసిన దినమున వియ్యములు తెగిపోలేదు. ఆడబిడ్డ మెట్టినయిల్లు చిత్తూరు, మేనమామ ఊరు మదనపల్లె, మ్రొక్కు చెల్లింపవలసినది తిరుమల. పెండ్లికి, పురిటికి, కర్మకు మనము ఎల్ల దాటవలసినదే. అందుచేత కారు కొనువాడు మొదట అడుగు ప్రశ్న, “ఇది తిరుపతి పోయి రాగలదా?” అనియే.

లెక్క చూతము. నేడు మధ్యతరగతి కుటుంబములు కొనుచున్న విద్యుత్ కార్లలో 45 యూనిట్ల విద్యుత్తు పట్టు బ్యాటరీ సామాన్యము. రహదారిమీద, నలుగురు మనుష్యులతో, చల్లని గాలి యంత్రము నడచుచుండగా, యూనిటుకు ఆరు ఏడు కిలోమీటర్లు వచ్చును. కంపెనీవారి ప్రకటనలలోని దూరము పరీక్షాశాలలోని దూరము; మన దూరము ఎండలో, ఎదురుగాలిలో పోవు దూరము. హొసూరునుండి కృష్ణగిరి, వేలూరు, చిత్తూరుల మీదుగా తిరుపతికి ఇంచుమించు 280 కిలోమీటర్లు. దానికి సుమారు 43 యూనిట్లు కావలెను. నిండు బ్యాటరీతో బయలుదేరినను, అడుగంటిన బ్యాటరీతో చేరుట వివేకము కాదు గనుక, దారిలో ఒకచోట 15 యూనిట్లు నింపుకొనవలెను. అందుకు 50, 60 కిలోవాట్ల వేగపు యంత్రము వద్ద ఇరువది నిమిషములు చాలును. కాఫీ త్రాగి, పిల్లలకు కాళ్లు చాపుకొను అవకాశ మిచ్చునంత సేపు. ప్రయాణము సాధ్యమా అను ప్రశ్నకు సమాధానము దొరికినది, సాధ్యమే.

మన నేల యెత్తుపల్లములు ఈ లెక్కలో కొంత కలుగజేసికొనును. హొసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. కృష్ణగిరి 500 మీటర్ల దరిదాపున నున్నది. శూలగిరి దాటి దిగునప్పుడు బండి తన బరువుతోనే జారుచు, మోటారును జనకయంత్రముగా మార్చి, కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి యిచ్చును. తిరుగుప్రయాణమున ఆ ఎత్తు ఎక్కుటకే సుమారు రెండు యూనిట్లు అదనముగా వ్యయమగును. అనగా పదుమూడు కిలోమీటర్ల దూరమునకు చాలు విద్యుత్తు. తిరుమల కనుమ ఎక్కుటకు మరి మూడు నాలుగు యూనిట్లు. పెట్రోలు కారు నడపువాడు ఈ కొండలను ఏనాడును లెక్కించి యుండడు. విద్యుత్ కారు నడపువాడు నేల వాలును, గాలి పోటును, తన తొందర వెలను తెలిసికొనక తప్పదు. గాలి యెదురించు బలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమును 80కి తగ్గించినచో, ఆ యెదురింపుకై చేయు వ్యయము మూడవవంతుకంటె ఎక్కువగా తగ్గును. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పినదానికి ఇంతటి లెక్కకట్టిన సాక్ష్యము ఇదివరలో దొరకి యుండదు.

దారిలో ఇంధనము దొరకుట అరుదగుట ఈ బండితో మొదలైనది కాదు. 1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించినది. మోటారు చరిత్రలో తొలి దూరప్రయాణముగా దానిని చెప్పుదురు. నాడు పెట్రోలు బంకులు లేవు. దారిలో వీస్లోఖ్ ఊరి మందుల అంగడిలో ఇంధనము కొని ఆమె ముందుకు సాగినది. అప్పటి మందుల అంగడి స్థితి నేటి మన చార్జింగు కేంద్రములది. జాతీయ రహదారులమీద ఇరువైపులను ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్ర ముండవలెనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో మార్గదర్శకములు వెలువరించినది. కేంద్రములు పెరుగుచున్నవి. అయినను ఒక్కొక్క చోట ఉన్నవి రెండు తీగలు. వచ్చునవి నాలుగు కార్లు.

ఇచ్చట ఒక శాస్త్రవిషయము తెలియవలెను. మన ధర్మవిచార మంతయు దానిమీద ఆధారపడి యున్నది. బ్యాటరీ నిండు విధము పెట్రోలు తొట్టి నిండు విధము వంటిది కాదు. నూటికి 20 పాళ్లనుండి 80 పాళ్లవరకు అది వేగముగా నిండును. వేగపు యంత్రము వద్ద ముప్పావుగంట చాలును. అటుపై యంత్రము తనంతట తానే ధారను తగ్గించుకొనును. తగ్గింపనిచో బ్యాటరీలోని లిథియము చేరవలసిన చోటికి చేరలేక లోహపు పొరగా పేరుకొని, ఆ బ్యాటరీనే చెరుపును. మూతి ఇరుకైన బిందెను నింపునప్పుడు, నీరు మెడకు వచ్చినంతనే మన యాడువారు ధార సన్నము చేయుదురు, ఇదియు నట్టిదే. కావున అనేక కార్లలో ఆ చివరి అయిదవ వంతు నిండుటకు, అంతకుముందు నిండిన మూడు వంతులకు పట్టినంత కాలము పట్టుచున్నది. మనకు అవసరము లేని ఆ చివరి వంతుకై మనము నిలుచున్న ముప్పావుగంటలో, వెనుకనున్నవాడు తన ప్రయాణమునకు కావలసిన దంతయు నింపుకొని పోగలడు. మనకు కలుగు లాభ మత్యల్పము. అతనికి కలుగు నష్టము సంపూర్ణము.

దీనికి మొదటి ఆక్షేపణ యిట్లుండును: “మేము ధర్మమునకు అడుగుటలేదు, సొమ్మిచ్చి కొనుచున్నాము. ఎంత సేపు నిలిచిన మాత్రము అడుగువా రెవరు?” ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని మనము సొమ్ము చెల్లించినది యూనిట్లకు. ఆ చోటును, ఆ గడియను మన మెవరివద్దను కొనలేదు. హోటలులో భోజనమునకు డబ్బిచ్చినవాడు, తిన్న పిదప విస్తరి ముందు కూర్చుండి వార్తాపత్రిక చదువుచు, నిలుచున్నవారిని చూడనట్లు నటించినచో, అతడు నేరము చేసినాడని యెవరు ననరు. మర్యాద తప్పినాడని మాత్రము అందరు నందురు. పెట్రోలు బంకులో ఈ ప్రశ్న పుట్టలేదు. అచ్చట అయిదు నిమిషముల పని. కాలము కొరతగా నున్నచోట మర్యాద ధర్మముగా మారును.

రెండవ ఆక్షేపణ యిది: “కేంద్రములు పెరిగిన పిదప ఈ చిక్కులన్నియు తీరును; దీనికి ధర్మవిచార మెందులకు?” పెరుగును, సత్యము. కాని సంక్రాంతి ముందటి రెండు దినములును, బ్రహ్మోత్సవముల వారమును, వరుస సెలవులును అందరికి ఒకమారే వచ్చును. ఏడాది పొడుగున ఖాళీగానుండు యంత్రము ఆ దినమున చాలదు. ఊరిలో ఎన్ని బావులున్నను ఎండకాలమున వరుస తప్పని రీతిని, ఎన్ని కేంద్రములు వెలసినను పండుగనాడు వరుస తప్పదు. సౌకర్యము పెరుగుట వలన ధర్మముతో పని తీరిపోవునను ఆశ, ప్రతి తరమువారిని మోసపుచ్చినదే.

నిజమునకు ఈ వరుస మనకు కొత్తది కాదు. మన సీమ యేర్ల సీమ కాదు, చెరువుల సీమ. చెరువు క్రింద సాగుచేసిన పెద్దలకు వంతు అను మాట యెంత పవిత్రమైనదో తెలియును. నీరుగంటి తూము తీసి, ఒక్కొక్క మడికి ఇంత సేపని నీరు పారించును. నీరు నిండుగా నున్ననాడు గట్టు తెగునంత పారించినను అడుగువారు లేరు. నీరు తగ్గిననాడు తడికి చాలునంత; పైమడి కలవాడు తన మడిలో మోకాటిలోతు నిలిపి, క్రిందిమడిలోని పైరును ఎండనిచ్చినచో ఊరు వాని నూరకొనదు. పైమడి కలవాడు దొంగ కాడు. నీరు మొదట వానికే చేరుట సహజము. మొదట చేరినదంతయు తన దనుకొనుటయే వాని తప్పు. చార్జింగు కేంద్రమున ముందు వచ్చినవాడు పైమడి రైతు వంటివాడు.

బాటసారిని ఆదరించుట రాజధర్మముగాను, గృహస్థధర్మముగాను మన దేశమున ఎంచబడినది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనములలో, బాటల ప్రక్క చెట్లు నాటించుట, బావులు త్రవ్వించుట పేర్కొనబడినవి. పదునేడవ శతాబ్ది చివరను, పదునెనిమిదవ శతాబ్ది తొలి యేండ్లలోను మదురను పాలించిన తెలుగు రాణి మంగమ్మ, బాటలు వేయించి సత్రములు కట్టించి, నేటికిని తమిళుల నోట ఆదరముతో పలుకబడుచున్నది. మదుర రైల్వేస్టేషను ఎదుట ఆమె పేరి సత్రము నేటికి నున్నది. పరభాషాప్రాంతమున తెలుగువారు సంపాదించిన మంచిపేరులో ఇట్టి సత్రములకు పెద్ద పాలు కలదు. సత్రములో బసచేయువారికి దినముల మితి యుండుట పెద్దలకు తెలిసినదే. అది పిసినారితనము వలన పెట్టిన మితి కాదు. రేపు రానున్న బాటసారికి ఇల్లు ఖాళీగా నుండవలెనను కరుణచే పెట్టిన మితి. కట్టించినవారి ధర్మము కట్టించుటతో తీరినది. బసచేసినవారి ధర్మము లేచి పోవుటలో నున్నది.

అయితే ఇచ్చట మరియొక ప్రక్కను చూడవలెను. తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరమని మనకొక సామెత కలదు. ముందు తొంబది కిలోమీటర్ల దారిలో కేంద్రము లేనివాడు, ముసలి తల్లిదండ్రులను వెంట నిడుకొన్నవాడు, నూటికి 95 పాళ్లు నింపుకొనినచో అతనిని ఆక్షేపింపరాదు. మితి అనునది ఒక అంకె కాదు, దారి అవసరము. ఆ అవసరమునకు మించినది మాత్రమే ఇతరుల సొత్తు. అట్లే, వేలూరు ఆసుపత్రికి రోగిని తీసికొనిపోవువాడు వరుసలో నాలుగవవాడైనను మొదటివాడే. వరుస న్యాయమునకు సాధనము. న్యాయమే వరుస కాదు.

కష్టమైన ప్రశ్న వేరొకటి కలదు. ఇంటివద్ద చార్జి చేయక, దారి విచారింపక, నూటికి మూడు పాళ్లతో వచ్చి, “నాకు ముందు దారి యిమ్ము” అని వేడువాడు కలడు. జాగ్రత్తతో వచ్చినవాడు అజాగ్రత్తపరునికి తన వంతు నీయవలెనా? ఇచ్చినచో అజాగ్రత్తను పెంచినవార మగుదుము. ఈయనిచో రాత్రివేళ ఒక కుటుంబమును నడిరోడ్డున నిలిపినవార మగుదుము. మా యభిప్రాయ మిది: అతని అవసరము నిజమైనచో, అది యెట్లు కలిగినదను విచారణ ఆ క్షణమున మన పని కాదు. దాహమడిగినవానిని, బయలుదేరునప్పుడు చెంబు ఏల తేలేదని అడిగి నీళ్లిచ్చుట మన సంప్రదాయము కాదు. అతనికి గమ్యము చేరుటకు చాలునంత, పది నిమిషముల చార్జి, ఇచ్చుట ధర్మము. కాని అది దాత పెట్టిన భిక్ష. అడిగినవాని హక్కు కాదు. దానిని హక్కుగా నెంచి మరుమారు కూడ నట్లే వచ్చువాడు, ఇతరుల మంచితనమును తన ఇంధనముగా వాడుకొనుచున్నాడు.

దారిలోని ధర్మము బంధువుల యింటి ముంగిట ముగియదు. ఊరు చేరిన కారును రాత్రి బంధువుల యింటి పదునైదు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించుట పరిపాటి యగుచున్నది. గంటకు మూడు యూనిట్ల చొప్పున తెల్లవారునప్పటికి 30 యూనిట్లు. నెలకు నూరు యూనిట్లు వాడు సంసారికి అది తొమ్మిది దినముల వాడకము. వాడకము పెరిగినకొలది యూనిటు ధర పెరుగు పద్ధతి మన ఇరు రాష్ట్రములలోను ఉన్నందున, ఆ యొక్క రాత్రి వారిని పై మెట్టుకు నెట్టవచ్చును. పాతయింటి సన్నని తీగలు అంతటి భారమును రాత్రి యంతయు మోయలేక వేడెక్కు ప్రమాదమును కలదు. వియ్యాలవారు ఈ మాట నోరు తెరచి చెప్పరు. మనము వెల కట్టి చేతిలో పెట్టబోయినచో నొచ్చుకొందురు. కావున ఊరి మొదటనే చార్జి చేసికొని పోవుట ఉత్తమము. ముందుగా అడిగి, తీగల బలము తెలిసికొని తగిలించుట మధ్యమము. అందరును నిద్రించిన పిదప కిటికీలోనుండి తీగ లాగుట అధమము.

ఇంకొక మాట చెప్పక తప్పదు. విద్యుత్ కారు కలవారిలో కొందరికి, తాము పొగ లేని పుణ్యాత్ములమను భావము కలుగుచున్నది. మన దేశమున విద్యుత్తు సగముకంటె చాల ఎక్కువ భాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. పొగ మన వెనుకనుండి తొలగి, దూరమున ఒక పొగగొట్టము పైకి చేరినది. బ్యాటరీకి లిథియము ఆస్ట్రేలియా, చిలీ గనులనుండియు, కొన్ని బ్యాటరీలకు కావలసిన కోబాల్టు కాంగో గనులనుండియు వచ్చుచున్నవి. బ్యాటరీ తయారీలో చేసిన కాలుష్యపు అప్పును కారు నడచిన ప్రతి కిలోమీటరుతో కొంత కొంతగా తీర్చుకొనుచు, చివరకు పెట్రోలు కారుకంటె మేలైన దగును. ఈ మేలు నిజమే. కాని తీర్చుచున్న అప్పును దానమని చాటుకొనుట తగదు. ఆ గనుల కూలివాడును, పొగగొట్టము నీడ నున్న పల్లెవాడును మన వరుసలో నిలుచున్నవారే. వారు మనకు కనబడుట లేదు, అంతియే.

చేయవలసిన పనులు కొలదిగానే యున్నవి. బయలుదేరుటకు ముందు దారిలోని కేంద్రములను, వానికి ప్రత్యామ్నాయములను చూచికొనవలెను. గమ్యమునకు కావలసినంత నిండినంతనే తీగ విడిపింపవలెను. భోజనమునకు పోవునప్పుడు ఫోను నంబరును అద్దము వద్ద ఉంచి, నిండు వేళకు తిరిగి రావలెను. పెట్రోలు కారు కలవాడు నీడ కలదని ఆ చోట తన బండిని నిలుపరాదు. ఫోనుతో సొమ్ము చెల్లించు పద్ధతి తెలియక తికమకపడు పెద్దవారికి ఆ రెండు నిమిషముల సాయము చేయవలెను.

రేపటి రహదారి కేంద్రములలో తమిళుడు, కన్నడిగుడు, తెలుగువాడు ఇరువది నిమిషములు ఒకరి ప్రక్క నొకరు నిలువవలసి యుండును. ఒకనాడు సత్రపు అరుగు చేసిన పనిని ఈ యంత్రము చేయనున్నది. తరతరములుగా పెక్కుభాషల నడుమ కాపురముండి, పొరుగువానికి చోటిచ్చి మన చోటు నిలుపుకొన్న మనకు వంతు విలువ వేరొకరు చెప్పవలసిన పని లేదు. బడిలో, బజారులో, కచేరీలో మన వంతుకై మర్యాదతో వేచియుండుట మన పెద్దలు నేర్చినారు. వేచియుండువాని మనసెట్టిదో ఎరిగినవారే త్వరగా లేచి చోటీయగలరు. కృష్ణగిరి కూడలిలో మన కారు ప్రక్కకు తొలగి, వెనుకనున్న తెలియనివాని కారు ముందుకు వచ్చినప్పుడు, అతడు మన భాష యేదని అడుగకపోవచ్చును. అడిగినచో సంతోషముగా చెప్పుదము.